ఐదెకరాలు కొంటే కరోనా గేటు దగ్గర ఆగుతుందా?

విజయనగరంలో ఇప్పుడు ఏ పెళ్లికి వెళ్లినా, ఏ గృహప్రవేశానికి వెళ్లినా భోజనాల బంతిలో నడిచే మాట ఒకటే, భూమి. ఎయిర్‌పోర్టు పుణ్యమా అని భోగాపురం వైపు రేట్లు కొండెక్కాయి కాబట్టి అందరి చూపూ నెల్లిమర్ల, గుర్ల, గజపతినగరం, మెంటాడ వైపు మళ్లింది. ఇల్లు కట్టుకుని ఉండిపోడానికి కాదు, ఫామ్‌హౌస్‌కి. అరెకరమో ఎకరమో, చుట్టూ కంచె, నాలుగు మామిడి మొక్కలు, ఒక బోరు, మూల మీద రేకుల షెడ్డులో ఒక కాపలా మనిషి. ఎందుకండీ అంటే పెట్టుబడి అని ఒకరు, మందులు కొట్టని కూరగాయలని ఇంకొకరు చెప్తారు గానీ కాస్త కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది. "మళ్లీ కరోనాలాంటిది వస్తే? అపార్ట్‌మెంట్‌లో ఆ లిఫ్టుతో, ఆ మెట్లతో చచ్చాం అప్పుడు. ఈసారి వస్తే పిల్లల్ని తీసుకుని అక్కడికి పోయి గేటేసుకుంటాం."

అంతటితో ఆగరు. నావైపు తిరిగి "నువ్వు చెప్పమ్మా, నువ్వు చూశావు కదా" అంటారు.

చూశాను, నిజమే. 2020, 2021 రెండేళ్లూ మేం ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలో, షెపర్టన్ అనే ఊరి బయట ఐదెకరాల స్థలంలో ఉన్న ఒక పాత చెక్క ఇంట్లో అద్దెకున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. పక్కింటి దీపం రాత్రిపూట చుక్కలా కనిపించేది, పగలు అదీ లేదు. అందుకని ఈ ఫామ్‌హౌస్ ముచ్చట్లలో నన్ను సాక్షిని చేస్తారు, తీరా నేను సాక్ష్యం మొదలుపెట్టాక మాత్రం ఎవరికీ నచ్చదు, "నీదంతా విడ్డూరం" అనేసి గుమ్మడికాయ దప్పళం వడ్డించుకుంటారు. ఇక్కడైతే మధ్యలో ఆపేవాళ్లుండరు కాబట్టి రాస్తున్నా.

నేను చెప్పేది ఇదీ. ఊరికి దూరంగా గేటేసుకుని కూర్చునే కుటుంబానికి, ఊళ్లో ఉండే కుటుంబం కంటే ఎక్కువమంది మనుషులు కావాలి. వాళ్లు కంటికి కనిపించరు, కనిపించినా మన లెక్కలోకి రారు, అంతే తేడా. ఆ లెక్క వెయ్యకుండా భూమి కొనేవాళ్లు ఏకాంతం కొంటున్నామనుకుంటారు గానీ నిజానికి వాళ్లు కొంటున్నది చాకిరీ. ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందన్నది మాత్రం బ్రోచర్‌లో రాయరు.

మేం అక్కడికి ప్రకృతి మీద ప్రేమతో పోలేదు, వీసా తీసుకెళ్లింది. అప్పట్లో 489 అని ఒక వీసా ఉండేది. మెల్‌బోర్న్ నగరంలో కాకుండా బయటి ఊళ్లలో కనీసం రెండేళ్లు ఉండి, అందులో ఒక ఏడాది ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తే తప్ప పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేసుకోనివ్వరు. మా ఆయనకి పాల ఫ్యాక్టరీలో మెషీన్ల మెయింటెనెన్స్ పని దొరికింది. షెపర్టన్ మెల్‌బోర్న్‌కి ఉత్తరాన 180 కిలోమీటర్ల దూరం, గోల్‌బర్న్ లోయ అంటారు, కాలవల కింద పియర్, పీచ్, ఆపిల్ తోటలు, పాడి. ఊళ్లో అద్దె ఇళ్లు దొరక్క, దొరికినవి మా జేబుకి అందక ఊరి బయట ఆ ఇంట్లో చేరాం. ఫొటోలు చూసి మావాళ్లు మేమేదో ఎస్టేట్ కొన్నామనుకున్నారు. మా పిన్నయితే ఫోన్‌లో "ఎంతమంది కంబార్లున్నారే మీకు?" అని అడిగింది.

ఒక్కతే ఉంది పిన్నీ. నేనే.

నీళ్ల దగ్గర మొదలుపెడతా. అక్కడ మాకు కుళాయి కనెక్షన్ లేదు. ఇంటి రేకుల మీద పడిన వాననీరు గొట్టాల్లోంచి పోయి 22,500 లీటర్ల ట్యాంకులో చేరుతుంది, తాగడానికీ స్నానాలకీ బట్టలకీ అదే. లెక్క సులువు, చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే రెండు వేల లీటర్లు, అదీ ఒక్క చుక్క పోకపోతే. మన విజయనగరం జిల్లాలో ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అక్కడ 450 అటూ ఇటూ. 2020 మార్చి అంటే అక్కడ ఎండాకాలం అప్పుడే వెనకబడుతున్న రోజులు. ట్యాంకుని పైనుంచి కిందికి వేళ్ల కణుపులతో కొట్టుకుంటూ వస్తే డొల్లగా మోగే చప్పుడు ఎక్కడ మందగిస్తుందో అక్కడ నీటి మట్టం ఉన్నట్టు. మాది నా మోకాళ్ల దాకా డొల్లగానే మోగింది. సరిగ్గా ఆ వారాల్లోనే ప్రపంచమంతా ఇరవై సెకన్లు చేతులు కడుక్కోమని, బయటినుంచి రాగానే బట్టలు ఉతికెయ్యమని చెప్పడం మొదలైంది. పాల ఫ్యాక్టరీ ఆగదు, ఆవులకి లాక్‌డౌన్ తెలీదు, కాబట్టి మా ఆయన రోజూ షిఫ్టుకి వెళ్లేవాడు, వచ్చేవాడు, బట్టలు బయట లాండ్రీ గదిలో విప్పి పడేసి స్నానానికి పోయేవాడు. ఆ బట్టలు ఉతికిన నీళ్లు మళ్లీ బకెట్లతో మొక్కలకి మోసేది నేను.

చివరికి నీళ్ల ట్యాంకరుకి ఫోన్ చేస్తే, ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ అదే పనిలో ఉన్నాయి, మా వంతు వచ్చేదాకా ఆగాలన్నారు. ట్యాంకరు డ్రైవరు రాకపోతే మాకు ఐదెకరాలున్నా యాభై ఎకరాలున్నా ఒకటే. ఇంకో సంగతి, కరెంటు పోతే పంపు ఆగిపోతుంది, పంపు ఆగితే ట్యాంకు నిండా నీళ్లున్నా కుళాయిలో చుక్క రాదు. ఇక్కడ కరెంటు పోతే వీధి బోరింగు దగ్గరికైనా పోతాం.

ఇంకొకటి, చెప్పుకోడానికి బావుండదు గానీ చెప్పాలి. సెప్టిక్ ట్యాంకు. మార్చిలో ఆస్ట్రేలియావాళ్లు టాయిలెట్ పేపర్ కోసం సూపర్‌మార్కెట్లలో కొట్టుకుంటుంటే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చెంబు ఫొటోలు పెట్టి నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. మాకొచ్చిన తంటా అది కాదు. ఫినాయిలు, బ్లీచింగు లాంటివి ఎక్కువగా పోస్తే సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కరిగించే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ట్యాంకు పనిచెయ్యడం మానేస్తుంది. ఇంటివాళ్లు ఫ్రిజ్ మీద కాగితం అంటించి మరీ పెట్టారు, బ్లీచ్ పొయ్యొద్దు, తుడుచుకునే తడి కాగితాలు (వెట్ వైప్స్) వెయ్యొద్దు అని. ప్రభుత్వమేమో తలుపు పిడులు, స్విచ్చులు, గచ్చు, అన్నీ క్రిమిసంహారకంతో తుడవమంటోంది. మరి తుడిచిన నీళ్లు ఎక్కడ పొయ్యాలి? సింకులో పోస్తే ట్యాంకులోకి పోతాయి. ట్యాంకు మొరాయిస్తే ఖాళీ చేసే లారీ రావాలి, లాక్‌డౌన్‌లో అదెప్పుడొస్తుందో తెలీదు. అందుకని రోజూ గచ్చు తుడిచిన బకెట్టు పట్టుకుని, వాననీటి ట్యాంకుకీ కోళ్లకీ కూరగాయల మడికీ దూరంగా, గడ్డిలో నడుచుకుంటూ స్థలం చివరి కంచె దాకా పోయి పారబోసి వచ్చేదాన్ని. చలికాలం పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డకట్టి చెప్పుల కింద కరకరలాడేది. "అబ్బ, ఎంత బావుందో మీ ప్లేస్" అని మెల్‌బోర్న్‌లో ఉండే స్నేహితురాలు వీడియో కాల్‌లో అన్నప్పుడు నా చేతిలో ఆ బకెట్టే ఉంది.

మా ఆయన చెడ్డవాడేం కాదు. గడ్డి కోసేవాడు, కట్టెలు కొట్టేవాడు. అక్కడ ఎండాకాలం రాకముందే గడ్డి కొయ్యకపోతే నిప్పు అంటుకుంటుందని భయం, 2019 చివర 2020 మొదట్లో ఆ దేశం తూర్పు వైపంతా ఎలా తగలబడిందో అందరం టీవీల్లో చూశాం కదా. కానీ గడ్డి అన్నది రెండు మూడు వారాలకోసారి పని, చూడ్డానికి గొప్పగా ఉంటుంది, చిన్న ట్రాక్టరు లాంటి దాని మీద కూర్చుని కోస్తే పిల్లలు వెనకాల కేరింతలు కొడతారు. బకెట్టు రోజూ పని, దాని వెనకాల ఎవరూ కేరింతలు కొట్టరు. స్థలం పెద్దదయ్యేకొద్దీ ఇలాంటి కనిపించని పనులే పెరుగుతాయి.

పిల్లల చదువుకి వద్దాం. 2020 ఏప్రిల్ మధ్యలో విక్టోరియాలో రెండో టర్మ్ ఇళ్లలోంచే మొదలైంది. మా రోడ్డుకి ఫైబర్ లేదు, సెల్ సిగ్నల్ వంటింటి కిటికీ దగ్గర తప్ప ఎక్కడా రాదు, ప్రభుత్వ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ నడిపే స్కై మస్టర్ శాటిలైటే దిక్కు. ఆ శాటిలైటు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. టీచరు మాట పైకి వెళ్లి కిందికి రావాలి, మన జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందికి రావాలి, ఎంత లేదన్నా అర సెకను దాటుతుంది. అర సెకనే కదా అనిపిస్తుంది. నాలుగో తరగతిలో ఎక్కాలు అడుగుతుంటే మా పెద్దది "యాభై ఆరు" అనేసరికి ఊళ్లో ఉన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ముందే అనేసి, టీచరు తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయి ఉండేది. మొదట్లో గట్టిగా అరిచి చెప్పేది. తర్వాత మైకు తియ్యడమే మానేసింది. తెలీక ఊరుకుంటోందని టీచరు అనుకుంటుందేమోనని ఫోన్ చేసి సంగతి చెప్తే, ఆవిడ ఏం చేసిందనుకున్నారు? వారానికోసారి కాగితాల కట్ట తీసుకుని కారేసుకుని వచ్చేది, మా గేటు దగ్గర పాత పాలక్యానుతో చేసిన పోస్టు డబ్బాలో పెట్టి, తను గేటుకి అవతల నిలబడి, మా పెద్దదాన్ని ఇవతల నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకుని వెళ్లేది. ఇది ఆమె ఉద్యోగంలో భాగం కాదు. ఆ దేశంలో నాకు బాగా నచ్చిన మనుషుల్లో ఆవిడ మొదటి వరసలో ఉంటుంది.

పాము సంగతి కూడా చెప్పేస్తా, ఫామ్‌హౌస్ అనగానే మనవాళ్లు మొదట అడిగేది అదే కాబట్టి. వచ్చింది, బ్రౌన్ స్నేక్, కోళ్ల గూటి పక్కన. అక్కడ పామును చంపడం నేరం, చట్టం రక్షణ ఉంది వాటికి, లైసెన్సున్న మనిషికి ఫోన్ చేస్తే వచ్చి పట్టుకుని దూరంగా వదిలేస్తాడు. ఆ మనిషి వచ్చేదాకా పాము ఎటు పోతోందో కన్నార్పకుండా చూస్తూ ఉండాలి, లేకపోతే వచ్చినా లాభం లేదు. చిన్నాడిని చంకనేసుకుని లాండ్రీ గుమ్మంలో నిలబడి చూశాను. మా ఊళ్లో అయితే "పాము" అని ఒక్క కేక వేస్తే కర్రలతో పదిమంది దిగుతారు. పాము వైపు నుంచి చూస్తే అక్కడి పద్ధతే నయం, ఒప్పుకుంటా. భయపడుతున్న ఆడమనిషి వైపు నుంచి చూస్తే ఆ పదిమందీ కావాలి.

ఇంత చెప్పి అక్కడ సుఖమే లేదంటే అన్యాయం. ఉంది. 2020 ఆగస్టు నుంచి మెల్‌బోర్న్‌లో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఐదు దాకా కర్ఫ్యూ, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు, వ్యాయామానికి రోజుకి ఒక్క గంట. అంతకు ముందు జులైలో అయితే ఒక శనివారం సాయంత్రం, పేదలకి ప్రభుత్వం అద్దెకిచ్చే తొమ్మిది అపార్ట్‌మెంట్ టవర్లలో ఉన్న దాదాపు మూడు వేలమందిని ముందస్తు మాట లేకుండా గుమ్మం దాటనివ్వకుండా పోలీసుల్ని పెట్టి ఆపేశారు, వాళ్లలో ఎక్కువమంది వలస వచ్చిన కుటుంబాలవాళ్లే. ఆ వార్తలు చూస్తున్న సమయంలో మా పిల్లలు గమ్ చెట్ల (యూకలిప్టస్) కింద గలా చిలకల్ని తరుముతున్నారు, ఆ గులాబీ రొమ్ముల చిలకలు లేచి మళ్లీ ఇరవై అడుగుల అవతల వాలేవి, వీళ్లు మళ్లీ పరిగెత్తేవాళ్లు. మా వైపు ఆ ఏడాది కేసులు చాలా తక్కువ. పిల్లలకి చోటు కావాలన్న మాటతో నాకేం పేచీ లేదు. పార్కులు లేని, ఉన్న చెరువులు కప్పెట్టేసుకున్న మన ఊళ్లలో ఆ కోరిక పుట్టడం సహజం కూడా. చోటు ఉంటే చాలనుకోవడం దగ్గరే నాకు పేచీ.

ఎందుకంటే చోటు ఉన్న దేశమే మనుషులు లేక ఎలా తల్లడిల్లిందో చూశాను. మా గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల పియర్ తోట. ఆ పళ్లు కోసేది ఎప్పుడూ బయటినుంచి వచ్చినవాళ్లే, ఊరూరూ తిరిగే యూరప్ కుర్రాళ్లు, పసిఫిక్ దీవులవాళ్లు. 2020 మార్చి 20 నుంచి సరిహద్దులు మూసేశారు. అప్పటి ప్రధాని స్కాట్ మారిసన్ ఏప్రిల్‌లో, తమను తాము పోషించుకోలేని తాత్కాలిక వీసాలవాళ్లు ఇక ఇంటికి వెళ్లొచ్చన్నారు. ఉద్యోగులకి రెండు వారాలకి 1,500 డాలర్ల చొప్పున ఇచ్చిన జాబ్‌కీపర్ సాయం మాలాంటి తాత్కాలిక వీసాలవాళ్లకి వర్తించదు. (ఇంటికి వెళ్లమన్న ఆ రోజుల్లో ఇండియాకి మామూలు అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు నడవడం లేదు. వెళ్లమన్న పెద్దమనిషి ఆ సంగతి చూసుకోలేదనుకుంటా.) సరే, చాలామంది వెళ్లిపోయారు. 2021 మొదట్లో కోతల కాలం వచ్చేసరికి మనుషులు దొరక్క ఆ దేశంలో చాలాచోట్ల పండు చెట్టునే మగ్గిపోయింది, మా ఎదుటి తోటలో చివరి వరసలు అలాగే రాలిపోయాయి. పులిసిన వాసన మా వంటింట్లోకి వచ్చేది. ఎకరాలకి ఎకరాలు, నీళ్లు, ట్రాక్టర్లు, శీతల గిడ్డంగులు, అన్నీ ఉన్న రైతు అతను.

ఇక 2021 ఆగస్టు. షెపర్టన్‌లో ఒక్కసారిగా కేసులు అంటుకున్నాయి, బడుల్లో. కొద్ది రోజుల్లోనే ఊళ్లో మూడో వంతు మంది, దాదాపు 20 వేలమంది, ఇళ్లలో క్వారంటైన్‌లో ఉన్నారు. మా పెద్దదాని బడి కూడా ఆ జాబితాలోకి వచ్చింది. నిబంధన ప్రకారం ఇంటిల్లిపాదీ పద్నాలుగు రోజులు గేటు దాటకూడదు. సూపర్‌మార్కెట్లలో పనిచేసేవాళ్లే క్వారంటైన్‌లో ఉంటే ఇక సరుకులు ఎవరు సర్దుతారు, ఎవరు తెస్తారు? సైన్యాన్ని దింపారు సాయానికి. ఇదిగో, మన ఫామ్‌హౌస్ కలకి సరైన పరీక్ష, గేటేసుకుని మన స్థలంలో మనం. ఆ ఐదెకరాల్లో ఆ చలిలో మాకు చేతికొచ్చింది సిల్వర్‌బీట్ అనే ఒక ఆకుకూర, చలికి గుడ్లు పెట్టడం సగం మానేసిన కోళ్లు. కూరగాయల మడికి నేను తక్కువ చాకిరీ చెయ్యలేదు, కానీ నేలకి దాని కాలం ఉంటుంది, మన అవసరం దానికి తెలీదు. రెండో వారంలో ఆ ఆకుకూరతో పప్పు చేద్దామంటే కందిపప్పు అయిపోయింది. ఊళ్లో వలంటీర్లు సరుకుల సంచులు గేటు దగ్గర పెట్టి హారన్ కొట్టి వెళ్లేవాళ్లు. ఒక సాయంత్రం తలపాగా పెట్టుకున్న పెద్దాయన ఒకరు రొట్టెలు, రాజ్మా డబ్బాలో పెట్టి, దూరం నుంచి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆ డబ్బా తిరిగి ఇవ్వాలన్నా ఆయనెవరో మాకు తెలీదు.

అలా మాకు తిండి పెట్టింది మేం తప్పించుకున్నామనుకున్న ఊరే.

అయితే మన ఊళ్లు దేవతలనీ అనను, ఆ మాట అంటే మన శ్రీకాకుళం, విజయనగరాలవాళ్లే నవ్వుతారు. 2020 వేసవిలో మా అత్తవారి ఊరికి, బొబ్బిలి దగ్గర, వచ్చే దారికి ముళ్లకంపలు అడ్డం వేశారు. చెన్నై, హైదరాబాద్‌లలో కట్టుబడి పనులకి పోయి తిరిగొచ్చిన సొంత ఊరివాళ్లనే లోపలికి రానివ్వలేదు, బడిలో పెట్టారు. మన రెండు జిల్లాల మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లో వేరావల్ రేవులో పడవల మీదే వారాల తరబడి చిక్కుకుపోయి, ఏప్రిల్ ఆఖరికి గానీ బస్సుల్లో బయల్దేరలేదు. జూన్‌లో పలాసలో కరోనా అని తేలిన ఒక పెద్దాయన శవాన్ని జేసీబీ తొట్టెలో శ్మశానానికి తీసుకెళ్లిన వీడియో దేశమంతా చూసింది, అధికారుల్ని సస్పెండ్ చేశారు. భయం పట్టుకుంటే ఊరు కూడా గేటేసుకుంటుంది, ఎవరి మీద వేస్తుందంటే తన కోసం వలసపోయి సంపాదించుకొచ్చేవాళ్ల మీద.

అదే ఊళ్లో 2021 మేలో మా మావయ్యగారికి కరోనా వచ్చింది. మా ఆయన వెళ్లాలంటే ఎవరూ ఆపరు, తిరిగి రానివ్వరు, తాత్కాలిక వీసా కదా. ఆ మే నెల మొదటి పక్షమైతే ఇండియా నుంచి వచ్చే ఆస్ట్రేలియా పౌరులకే జైలు, 66,600 డాలర్ల దాకా జరిమానా అని బెదిరించిన కాలం. మేం ఫోన్ పట్టుకుని కూర్చున్నాం, అంతకంటే చేసిందేం లేదు. పక్క వీధి కుర్రాడు ఆక్సీమీటరు కోసం బొబ్బిలంతా తిరిగి తెచ్చాడు. మా తోటికోడలు మూడు పూటలా జావ, అన్నం అరుగు మీద పెట్టి వచ్చేది. ఊరి ఆశా వర్కరు రోజూ వచ్చి, గుమ్మం అవతల నిలబడి ఆక్సిజన్ ఎంతుందో రాసుకుని వెళ్లేది, రాష్ట్రంలో ఆమెలాంటివాళ్లకి అప్పట్లో ఇచ్చింది నెలకి పది వేలు. మావయ్యగారు లేచి తిరుగుతున్నారు, ఇప్పుడు కూడా పొద్దున్నే కళ్లం దాకా నడిచి వస్తారు. ఆయన్ని బతికించింది ఆ ఇల్లు వీధిలో ఉండడం, గుమ్మం దాకా మనుషులు నడిచి రాగలగడం. ఫామ్‌హౌస్‌లో ఉండి ఉంటే ఆశా వర్కరు ఏ బండి మీద వచ్చేది?

ఇప్పుడు మా బావగారి సంగతి, అసలు ఈ వ్యాసం రాయించింది ఆయనే. మెంటాడ వైపు ఎకరంన్నర మాట్లాడుకున్నారు, ప్లాను కూడా గీయించి మా ఇంటికి తెచ్చి టేబుల్ మీద పరిచారు. వాస్తు ప్రకారం తూర్పు గేటు, ముందు పెద్ద వరండా, పిల్లలకి చిన్న ఈతకొలను, వెనక మామిడి, సపోటా, పనస. నైరుతికి దూరంగా కంచెని ఆనుకుని ఎనిమిది బై పది గది ఒకటి, వాచ్‌మన్‌కి. సాలూరు అవతలినుంచి ఒక జంటని మాట్లాడారట, ఇద్దరు పిల్లలు వాళ్లకి. భార్య ఊడ్చి తుడిచి వండి పెడుతుంది, భర్త చెట్లకి నీళ్లు పెడతాడు, రాత్రి కాపలా. జీతం ఒక్కడికే.

"బాత్రూమ్ ఏది బావగారూ వీళ్లకి?" అన్నాను.

"పొలమేగా అమ్మా, చుట్టూ అంతా ఖాళీయే" అన్నారు.

ఈతకొలనుకి నీళ్లు బోరు నుంచి. కింద రైతుల బోర్లు కూడా ఆ నేలలోంచే తోడుకుంటాయి, అది వేరే తగువు, దాన్ని ఇక్కడ ఎత్తుకోను. నేను అడిగింది వేరు. కరోనాలాంటిది వచ్చి మీరు ఇక్కడికొచ్చి గేటేసుకున్న రోజున ఈ నలుగురూ గేటుకి లోపలా బయటా? లోపలైతే ఎనిమిది బై పదిలో ఒకరికి జ్వరం వస్తే మిగతా ముగ్గురూ ఎక్కడ పడుకుంటారు? బయటైతే మీ గచ్చు ఎవరు తుడుస్తారు, మీ చెట్లకి నీళ్లెవరు పెడతారు, మా అక్కయ్యేనా? ఆ పిల్లల బడి ఎక్కడ? జబ్బు చేస్తే గజపతినగరం ఆసుపత్రికి మీ కారులో తీసుకెళ్తారా? ఇవి నేను ఎగతాళికి అడగలేదు. ఆ ఐదెకరాల్లో ఆ ఎనిమిది బై పది గదిలో ఉండాల్సిన మనిషి పని నేను చేశాను, నాకు కనీసం బాత్రూమ్ ఉంది, పీఆర్ వస్తుందన్న ఆశ ఉంది, పొద్దున్నే ఎక్కాలు అప్పజెప్పించుకోడానికి వచ్చే టీచరు ఉంది.

మా అక్కయ్య, అంటే బావగారి భార్య, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ప్లాను తన వైపు తిప్పుకుని, వంటగది ఎక్కడుందో చూసి, "ఆదివారాలు మీ స్నేహితులు ఇరవైమంది వస్తే ఇందులో నేను వండాలా?" అంది. బావగారికి కోపం వచ్చింది. నా మీద కాదులెండి, ఆవిడ మీద. కాగితం చుట్టేసి కాఫీ తాగకుండానే వెళ్లిపోయారు.

నాలుగు రోజులాగి ఫోన్ చేశారు. గది పన్నెండు బై పద్నాలుగు చేయించారట, బాత్రూమ్ కలిపారట, కొలను తీసేస్తే ఆ డబ్బు సరిపోతుందన్నాడట ఇంజనీరు. ఇద్దరికీ వేరువేరుగా జీతం అన్న మాట దగ్గర మాత్రం ఇంకా బేరమాడుతున్నారు, "ఊళ్లో ఎవరూ అలా ఇవ్వడం లేదమ్మా" అంటున్నారు. రిజిస్ట్రేషన్ వచ్చే నెల. ఈలోగా మరోసారి వెళ్లి కూర్చుంటా, ఈసారి మావయ్యగారిని కూడా తీసుకుని.